సుబేదారు గారి అర్జీలు

ఆయన పోయారన్న సంగతి నాకు మా సెక్టార్ తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొద్దున్నే ఎవరో ఆయన ఫోటో పెట్టి కింద రెండు ముక్కలు రాశారు. నేను చూసేసరికి దాని కింద దండాలు పెట్టే చేతులు వరసగా పడున్నాయి. ఆ వరస మధ్యలో ఒక పెద్దమనిషి, పైన ఏముందో చూసుకోకుండా, తన ఫ్లాటు అద్దెకు ఉందని ప్రకటన కూడా పెట్టాడు. నేనూ ఒక జత చేతులు అంటించి ఆఫీసుకు బయలుదేరాను. మెట్రోలో సీటు దొరికాక నిదానంగా సిగ్గేసింది. పైన ఏముందో చూడకుండా కింద సంతకం పెట్టే అలవాటు నాకు కొత్త కాదు. ఆయన విషయంలో అయితే అసలే కొత్త కాదు.

మా సొసైటీలో అందరికీ ఆయన సుబేదారు గారు. శ్రీకాకుళం వైపు మనిషి. సైన్యంలో పాతికేళ్ళు పైగా చేసి, చివరి పోస్టింగు ఢిల్లీ కంటోన్మెంటులో ముగిశాక ఊరికి వెళ్ళకుండా ఢిల్లీలోనే, మా ద్వారకలో ఉండిపోయారు. ఒక ఆఫీసు భవనంలో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరారు. ఉండిపోవడానికి కారణం వాళ్ళ అమ్మాయి సింధు. ఆ పిల్లకి ఆటిజం. మూడు బళ్ళు మర్యాదగా వద్దన్నాక మా సెక్టార్లో ఒక బడి చేర్చుకుంది. ఆ బడి ఉన్నచోటే తన ఊరు అని ఆయన తేల్చేసుకున్నారు.

మనిషి సన్నగా, నిటారుగా ఉండేవారు. ఆదివారం పాల బూతుకి వచ్చినా బూట్లకి పాలిష్ ఉండేది. ఎవరింటికి వెళ్ళినా ఆ బూట్లు విప్పి, గోడకి సమానంగా జరిపి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి అప్పుడు లోపలికి వచ్చేవారు. మాట్లాడటం తక్కువ. మాట్లాడితే మాత్రం సంగతి సరిగ్గా ఎంత ఉందో అంతే చెప్పేవారు. అది మాలాంటివాళ్ళకి కొంచెం ఇబ్బందిగా ఉండేది.

"పాప ఎలా ఉంది సుబేదారు గారూ?" అని పాల బూతు దగ్గర అడుగుతాం. ఆ ప్రశ్నకి జవాబు అక్కర్లేదు. బాగుందండీ అంటే మన దారిన మనం పోవచ్చు. ఆయన ఒక్కసారి కూడా బాగుంది అన్న పాపాన పోలేదు.

"నిన్నటి కంటే ఒక పీరియడ్ ఎక్కువ కూకుంది సర్," అనేవారు. లేదంటే, "నిన్న మూడు కూకుంది. ఈవేళ ఒకటే. ఏటో నచ్చలేదు దానికి. కనుక్కోవాల."

అడిగినవాడు పాల ప్యాకెట్టు పట్టుకుని, నవ్వాలో నిట్టూర్చాలో తెలియక నిలబడేవాడు. చాలామంది అడగడం మానేశారు. నేను మానలేదు. గొప్పతనమేమీ లేదు, మా బ్లాకులు పక్కపక్కన, ఇద్దరం ఆరున్నరకే పాలకి వెళ్ళేవాళ్ళం.

ఆయన సింధుని స్కూలు బస్సు దగ్గరికి తీసుకెళ్ళే తీరు కూడా వేరు. మిగతా పిల్లల్ని అమ్మలు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవారు. సింధు ముందు నడిచేది, ఆయన సరిగ్గా రెండడుగులు వెనక. ఆ పిల్ల ఆగితే ఆగేవారు. గేటు పక్క గోడకున్న పలకలు వేలితో తడుముకుంటూ వెళ్ళేది, ఆయన చేతిగడియారం కూడా చూసుకోకుండా నిలబడేవారు. అందుకని వాళ్ళు అందరికంటే ఇరవై నిమిషాలు ముందే బయలుదేరేవారు. జనవరి మంచులో నేను పాలకి వెళ్తుంటే ముందు ఒక చిన్న పచ్చ టోపీ కనిపించేది, తర్వాత ఆయన.

ఒకసారి బడివాళ్ళు బస్సు మార్చారు. పాత బస్సుకి నీలం చార ఉండేది, కొత్తదానికి ఎరుపు. సింధు ఎక్కనంది. అనడమంటే నోటితో కాదు, రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని అక్కడే కూర్చుంది. బస్సులో పిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు, డ్రైవరు హారను మీద చెయ్యేశాడు. నేను పాల ప్యాకెట్లు అరుగు మీద పెట్టి ముందుకెళ్ళాను.

"సుబేదారు గారూ, మీరొక పక్క పట్టుకోండి, నేనొక పక్క పట్టుకుంటాను. ఎత్తి లోపల కూర్చోబెట్టేద్దాం," అన్నాను.

ఆయన డ్రైవరుతో "ఆప్ నికలియే భయ్యా" అన్నారు. బస్సు వెళ్ళిపోయింది. అప్పుడు నాతో, "మనం ఎత్తితే బస్సు ఎక్కేది మనం సర్. అది కాదు," అన్నారు.

ఆ రోజు ఇద్దరూ నడిచే బడికి వెళ్ళారు. రెండో రోజూ అంతే. మూడో రోజు సింధు బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి దిగిపోయింది. నాలుగో రోజు ఎక్కింది. ఆ సాయంత్రం మా బ్లాకులో తలుపు తలుపుకీ బేసన్ లడ్డూలు అందాయి. మా ఆవిడ డబ్బా అందుకుని ఏమిటి విశేషం అని అడిగితే "ఎర్ర బస్సు ఎక్కిందమ్మా" అన్నారట. మా ఆవిడ లోపలికొచ్చి నాకు చెప్పి నవ్వింది, నేనూ నవ్వాను. లడ్డూ బాగుంది.

ఈ లడ్డూల గురించి మా సొసైటీలో చాలా వేళాకోళాలు ఉండేవి. అందరికీ పిల్లలకి ర్యాంకు వస్తే మిఠాయి పంచే అలవాటు. ఆయన దేనికి పంచుతారో ఎవరూ ఊహించలేరు. సింధు ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక రోజు బడినుంచి ఫోనొచ్చింది. మీ అమ్మాయి పక్కపిల్ల మీద ఫిర్యాదు చేసిందని. ఆ పిల్ల సింధు రబ్బరు తీసుకుని ఇవ్వలేదట. సింధు లేచి టీచరు దగ్గరికి వెళ్ళి, "మేరా రబర్. ఇస్‌నే లియా" అందట. ఆయన సాయంత్రం లడ్డూలు పట్టుకుని మా ఇంటికొచ్చారు.

"ఫిర్యాదు చేస్తే ఎవరైనా మిఠాయి పంచుతారా సుబేదారు గారూ?" అన్నాను.

"నాలుగేళ్ళుగా దాని పెన్సిళ్ళు, రబ్బర్లు, టిఫిన్లో పూరీలు అన్నీ పోతన్నాయి సర్. ఎవరు తీస్నారో చెప్పేది కాదు. ఈవేళ అడిగీసింది. నాది అనీసింది," అన్నారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. డబ్బాలోంచి మాత్రం ఒకటికి రెండు లడ్డూలు తీసి నా చేతిలో పెట్టారు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను కుర్రతనంలో కలెక్టరునైపోదామని ఢిల్లీ వచ్చాను. బేర్ సరాయ్‌లో మంచం పడితే తలుపు తెరుచుకోని గదిలో మూడేళ్ళు చదివి, మూడుసార్లూ మొదటి మెట్టు మీదే జారిపడి, చివరికి వేరే పరీక్ష రాసి ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా స్థిరపడ్డాను. మార్కుల చేతిలో అన్ని దెబ్బలు తిన్నవాడికి మార్కులంటే అసహ్యం పుట్టాలి. నాకు భక్తి పుట్టింది. మా అమ్మాయికి పదో తరగతిలో తొంభై ఆరు శాతం వచ్చిన రోజు మా ఇంట్లో రాని నాలుగు గురించే మాట్లాడుకున్నాం.

అలాంటి నన్ను మా తెలుగు సంఘం కార్యదర్శిని చేశారు. మా సంఘం ఏటా జూలైలో ప్రతిభా పురస్కారాలు ఇస్తుంది. చదువులో రాణించిన పిల్లల్ని పేరు పేరునా స్టేజి మీదకి పిలిచి, అతిథి చేత ఒక జ్ఞాపిక ఇప్పిస్తాం. తొంభై శాతం రూలు నేనే పెట్టించాను. సంఘానికి ఒక లెటర్‌హెడ్డు, ఒక గుండ్రటి స్టాంపు కూడా నేనే చేయించాను. సంఘానికి వచ్చిన ఏ కాగితానికైనా జవాబు వెళ్ళాలన్నది నా పట్టుదల. ఆఫీసులో నాకు అబ్బిన ఒకే ఒక్క సుగుణం అది.

సింధు నాలుగో తరగతిలో ఉండగా ఒక ఆదివారం ఉదయం సరిగ్గా తొమ్మిదింటికి ఆయన మా ఇంటికొచ్చారు. బూట్లు విప్పి, సర్ది, చేతిలో కాగితం నా ముందు పెట్టారు.

"అర్జీ సర్. ప్రతిభా పురస్కారానికి."

తెలుగులో, గుండ్రటి పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పైన విషయం, కింద అంకెలు వేసిన పేరాలు, చివర సంతకం. నా కళ్ళు అలవాటుగా శాతం కోసం వెతికాయి.

"శాతం రాయలేదే?"

"లేదు సర్. ఈ ఏడు అది ఏటి చేసిందో రాసినాను."

"రూలు తొంభై శాతం సుబేదారు గారూ."

"తెలుసు సర్. నాకేటీ తొందర లేదు. మీరు చూసి జవాబు ఇయ్యండి, చాలు."

మూడు రోజుల తర్వాత జవాబు ఇచ్చాను. లెటర్‌హెడ్డు మీద, స్టాంపుతో. మీ అర్జీ అందినది, సంఘ నిబంధనల మేరకు కూలంకషంగా పరిశీలించిన మీదట ఈ సంవత్సరం ఆమోదించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము. ఆ కూలంకషంగా అన్న మాట రాసుకుని నేను చాలా సంతోషించాను. అర్జీ మాత్రం విషయం అన్న పంక్తి దాటి చదవలేదు. ఫైల్లో పెట్టేశాను. ఆ జవాబు నా కంప్యూటర్లో భద్రంగా ఉంది. మరుసటి ఏడు ఆయన మళ్ళీ వచ్చారు, తేదీ మార్చి అదే ఇచ్చాను. ఆపై ఏడూ తేదీ మార్చాను. అలా ఏడు అర్జీలు, ఏడు జవాబులు. ఆయన ప్రతిసారీ ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, అక్కడే నిలబడి మొత్తం చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకునేవారు. ముఖంలో కోపం ఉండేది కాదు. "ఠీక్ హై సర్. వొచ్చే ఏడు మళ్ళీ పెడతాను," అనేవారు.

సంఘం మీటింగులో ఈ అర్జీల ప్రస్తావన రెండు నిమిషాలు నవ్వుకోవడానికి పనికొచ్చేది. పాపం, తండ్రి మనసు అని అధ్యక్షులు గారు ముగించేవారు. ఆయన గురుగ్రామ్‌లో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగి, ముగించడం ఆయనకి బాగా వచ్చు.

సింధు పదో తరగతి పరీక్షలు రాసింది. అలాంటి పిల్లలకి బోర్డువాళ్ళు కొంత అదనపు సమయం ఇస్తారు, చెబుతుంటే రాసిపెట్టడానికి కింది తరగతి పిల్లని ఇస్తారు. పొడి పొడి మాటలు తప్ప మాట్లాడని అమ్మాయి, కొత్త పిల్ల పక్కన కూర్చుని, మూడు నాలుగు గంటల సేపు జవాబులు పైకి చెప్పాలి. సుబేదారు గారు ఆరు నెలలు ఇంట్లో రోజూ సాయంత్రం కాగితం, పెన్ను పట్టుకుని ఆ పిల్ల ముందు కూర్చున్నారని, అది చెప్పేదాకా ఒక్క మాటా రాయకుండా ఎదురుచూసేవారని తర్వాత తెలిసింది. మే నెలలో ఫలితాలొచ్చాయి. సింధు అన్నిటిలోనూ పాసైంది. అరవై ఒక్క శాతం. ఆ రోజు లడ్డూలు మా బ్లాకుకే కాదు, సొసైటీలో కాపలాదార్ల గదిదాకా వెళ్ళాయి.

ఏడో అర్జీ వచ్చింది. ఈసారి మీటింగులో ఎవరూ నవ్వలేదు. నేనే లేచి, ఈ అమ్మాయికి ప్రత్యేక ప్రోత్సాహక బహుమతి ఇద్దామని ప్రతిపాదించాను. అందరూ ఒప్పుకున్నారు. నా మంచితనానికి నేనే మురిసిపోయి, లెటర్‌హెడ్డు పక్కనబెట్టి స్వయంగా కబురు చెప్పడానికి ఆయన ఇంటికి వెళ్ళాను.

ఆయన టీ ఇప్పించి, అంతా విన్నారు.

"ప్రత్యేకం అంటే ఏటి సర్?"

"అంటే, తొంభై రాలేదు కదా. పరిస్థితిని బట్టి మేమే ఒక ఏర్పాటు చేశాం."

"అందరితో పాటు వరసలో పిలుస్తారా?"

"లేదు, చివర్లో. అతిథి గారు రెండు మాటలు కూడా చెబుతారు, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడతారు."

ఆయన టీ కప్పు కింద పెట్టారు. "వొద్దు సర్."

నాకు ఒళ్ళు మండింది. "ఏడేళ్ళుగా మీరు అడుగుతున్నదే కదండీ ఇస్తున్నాం! ఆ పిల్ల సాధించినదానికే కదా!"

"కాదు సర్. మీరిస్తన్నది దాని ఆటిజానికి. అందులో అది చేసిందేటీ లేదు, అది పుట్టుకతో వొచ్చినాది. పాసవడంలో చేసింది. దానికియ్యండి, తీసుకుంటాం."

"తొంభై రూలు ఉందే!"

"అయితే రూలు ప్రకారం కాదు అని రాసి ఇచ్చీయండి సర్. అదీ తీసుకుంటాను. జాలి ఒక్కటీ వొద్దు."

నేను ఓడిపోయేటప్పుడు వేసే చివరి బాణం వేశాను. "అసలు చప్పట్లంటేనే చెవులు మూసుకునే పిల్ల, పేరు పిలిస్తే మాత్రం స్టేజి మీదకి వస్తుందా చెప్పండి?"

"రాదు సర్, బహుశా. పిలవడం మీ పని. రావడం రాకపోవడం దాని పని."

నేను ఇంటికొచ్చి కంప్యూటరు తెరిచి తేదీ మార్చాను. కూలంకషంగా పరిశీలించిన మీదట చింతిస్తున్నాము. ఆ రాత్రి మా ఆవిడతో ఇలాంటి మొండి మనిషిని నా సర్వీసులో చూడలేదన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం సొసైటీ కమ్యూనిటీ హాల్లో భోజనానికి రమ్మని ఆయన పిలిచారు. "బడాఖానా సర్. సింధు పాసైంది కదా," అన్నారు. సైన్యంలో బడాఖానా అని ఒక ఆచారం ఉందిట. పండగకో, పెద్ద పని నెగ్గినప్పుడో అందరూ ఒక్కచోట తింటారు. ఆ రోజు ఆఫీసర్లే గరిటెలు పట్టుకుని జవాన్లకి వడ్డిస్తారు. అంతకుముందు జరిగినదానికి నాకు వెళ్ళాలని లేదు. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను.

సంఘం పెద్దలంతా ఉంటారనుకున్నాను. వాళ్ళెవరూ లేరు. పొడవాటి బల్లకి ఒక పక్కనే కుర్చీలు వేసి ఉన్నాయి. అందులో స్కూలు బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే దీదీ, సింధు క్లాసు టీచరు, పరీక్షల్లో రాసిపెట్టిన తొమ్మిదో తరగతి పిల్ల, ఆ పిల్ల వాళ్ళమ్మ, మార్కెట్లో పుస్తకాల కొట్టు నడిపే సర్దార్జీ కూర్చున్నారు. ఆ చివర ఖాళీ కుర్చీ నాకు చూపించారు. సుబేదారు గారు ఇస్త్రీ చొక్కా మీద ఏప్రన్ కట్టుకుని, భుజాన తువ్వాలుతో పూరీలు, మాంసం, పప్పు, హల్వా తనే వడ్డించారు. ఆయన భార్య వెనకాల గిన్నెలు అందిస్తున్నారు. సింధు అందరికీ దూరంగా కిటికీ దగ్గర, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తన స్టీలు కంచంలో పెరుగన్నం తింటోంది. ఎవరూ పలకరించకూడదని ముందే చెప్పారు. తినేసి, కంచం కడిగి పెట్టి, మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంది. అంతమంది ఉన్న గదిలోకి అది తిరిగి రావడం చూసి ఆ తల్లి పూరీల గిన్నె పట్టుకునే ఒక నిమిషం నిలబడిపోయారు.

హల్వా అయ్యాక ఆయన ఏప్రన్ విప్పి, నిటారుగా నిలబడి, ఒక్కొక్కరి పక్కకీ వెళ్ళి వాళ్ళేం చేశారో హిందీలో చెప్పారు. దీదీ ఆరేళ్ళు బస్సులో ముందు కిటికీ సీటు ఎవరికీ ఇవ్వకుండా ఆపింది. టీచరు తలుపు పక్క బెంచీ ఇచ్చింది, లేచి వెళ్తే వెనకాల అరవలేదు. సర్దార్జీ, కంపెనీ మానేసిన ఒక రకం పెన్సిళ్ళు ఎక్కడెక్కడివో వెతికి తెప్పించి సింధు కోసం దాచాడు. రాసిపెట్టిన పిల్ల, సింధు ఆగినచోట ఆగింది, తన సొంత మాట ఒక్కటీ కలపలేదు. చెప్పినప్పుడల్లా సెల్యూట్ చేశారు. దీదీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తనకి ఎవరైనా సెల్యూట్ చేస్తారని ఆవిడ ఎన్నడూ అనుకుని ఉండదు.

చివరికి నా పక్కకొచ్చారు.

"యే హమారే సర్ హైఁ. సాత్ సాల్. మేరీ హర్ అర్జీ కా జవాబ్ దియా," అన్నారు. ఏడేళ్ళు, నా ప్రతి అర్జీకీ జవాబిచ్చారు అని. "మూడు బళ్ళకి అర్జీలు పెట్టాను సర్, పెద్ద పెద్ద ఆఫీసులకి పెట్టాను," అని నాకు తెలుగులో చెప్పారు. "కాగితమ్మీద జవాబు ఒక్క మీ దగ్గర్నించే వొచ్చినాది."

సెల్యూట్ చేశారు. నేను లేచి నిలబడ్డాను. చేతికి హల్వా నెయ్యి అంటి ఉంది. ఇదంతా పొరపాటు సుబేదారు గారూ, నేను ఒక్కటీ చదవలేదు అని ఆ క్షణంలో చెప్పేయాల్సింది. చెప్పలేదు. సర్దార్జీ నా వీపు తట్టాడు. నేను తల వంచుకుని ఆ గౌరవం అందుకున్నాను. నా జీవితంలో నాకు దొరికిన సన్మానం అదొక్కటే. నాకు చెందని సన్మానమని నాకు తెలుసు.

ఆ తర్వాత పాల బూతుకి ఆరున్నరకి కాకుండా ఏడింటికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆయన ఎదురుపడితే చెప్పేద్దామనుకునేవాణ్ణి, పడకుండా చూసుకునేవాణ్ణి. ఫైలు తీసి ఆ అర్జీలు ఇప్పుడైనా చదువుదామని రెండుమూడుసార్లు అనుకుని వాయిదా వేశాను. వాయిదా వేయడంలో నా అనుభవం తక్కువది కాదు. ఇంతలో ఏప్రిల్ వచ్చింది. సింధు పన్నెండో తరగతికి వచ్చింది. ఒక ఉదయం డ్యూటీకి బయలుదేరుతూ, బూట్ల లేసులు కట్టుకుంటూనే ఆయన గుండె ఆగిపోయింది.

కార్యక్రమాలన్నీ అయ్యాక ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ కుర్చీ వేశారు. సింధు గది మూల నేల మీద కూర్చుని కొత్త నోటుబుక్కులకి గోధుమరంగు కాగితంతో అట్టలు వేసుకుంటోంది. నా వైపు చూడలేదు. కాసేపు ఆయన గురించి మామూలుగా అందరూ అనే మాటలే అన్నాను. ఆ మాటలు ఆయన వింటే ఊరుకోరని తోచింది. అప్పుడు చెప్పేశాను.

"అమ్మా, మీకొక సంగతి చెప్పాలి. ఆయన నన్ను అంత గౌరవించారు గానీ, ఆయన అర్జీలు నేను ఒక్కటి కూడా చదవలేదు. ఒకటే జవాబు తేదీ మార్చి ఇచ్చేవాణ్ణి."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "ఆయనకి తెలుసన్నయ్యగారూ," అన్నారు.

"తెలుసా?"

"రెండో ఏడు జవాబు చూసినప్పుడే అనుమానపడ్డారు. మీరు తేదీ మార్చి జవాబిస్తన్నారని, మూడో ఏడు ఆయన కూడా రెండో ఏటి అర్జీకే తేదీ మార్చి ఇచ్చీసినారు. సింధు నీళ్ళు అడిగింది అని, అదే అర్జీ. మీరు కనిపెట్టలేదు. కూలంకషంగా పరిశీలించినాం అని వొచ్చీసింది. ఆ రోజు ఎంత నవ్వుకున్నామో ఇద్దరం!"

ఆవిడకి ఆ నవ్వు ఇంకా కొంచెం మిగిలి ఉంది.

"మరి బడాఖానాకి నన్నెందుకు పిలిచారమ్మా? అందరి ముందూ సెల్యూట్ ఎందుకు చేశారు?"

"నేనూ అదే అడిగాను. ఈయన్ని పిలవడమేటి, చదవను కూడా చదవడు కదా అన్నాను. ఏటనుకోకండి." ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "'చదవడం ఇంకా రాలేదే. జవాబియ్యడం వొచ్చింది కదా. ముందు వొచ్చినదాన్ని మెచ్చుకోవాల, మిగతాది నెమ్మదిగా వస్తాది' అన్నారు."

అప్పుడు గుర్తు చేసుకుంటే, ఆ రోజు హాల్లో ఆయన నేను చదివానని అనలేదు. జవాబిచ్చానని మాత్రమే అన్నారు. ఎంత ఉందో అంతే చెప్పే మనిషి. నాకు యాభై ఆరేళ్ళు. ఆయన నన్ను, ఎర్ర బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టిన పిల్లని చూసినట్టే చూసి, వెనక నుంచి ఎత్తకుండా, ఏడేళ్ళు రెండడుగుల దూరంలో నిలబడ్డారు. ఆయన లేరన్న దుఃఖం నాకు అప్పుడు, ఆ కుర్చీలో, మొదటిసారి కలిగింది.

"ఈ ఏడు ఇంక అర్జీ రాసేవాళ్ళు లేరు లెండి," అన్నారు ఆవిడ.

"మై లిఖూంగీ."

సింధు అంది. నేను రాస్తాను అని. తల ఎత్తలేదు. అట్ట అంచు గోటితో గట్టిగా నొక్కి మడత పెడుతోంది. ఇంతసేపూ మా మాటలు వింటోందని నేను అనుకోలేదు. వాళ్ళమ్మ కూడా అనుకోలేదేమో, కూతురి వైపు తిరిగారు.

"అంకుల్, ఆప్ పఢేంగే?"

మీరు చదువుతారా అని. అందులో నిష్ఠూరం లేదు, ఎత్తిపొడుపు లేదు. తెలుసుకోవాలని అడిగింది. నేను తల ఊపాను. సింధు ఇంకో నోటుబుక్కు తీసుకుని, కొంచెం ఆగి, అదే గొంతుతో అదే ప్రశ్న మళ్ళీ అడిగింది.

"తల ఊపితే దానికి చాలదన్నయ్యగారూ. నోటితో చెప్పాల," అన్నారు ఆవిడ.

"చదువుతానమ్మా," అన్నాను.

"పూరా?" మొత్తం చదువుతారా అని.

"పూరా," అన్నాను.